జిల్లాకూ మండలానికీ నడుమ మెట్టు

సోమవారం ప్రజావాణి. మొదటి బస్సుకు బయలుదేరి వచ్చిన జనం ఎండ ఎక్కేసరికి కలెక్టరు కార్యాలయం వరండాలో వరుస కట్టి ఉంటారు. చేతుల్లో ప్లాస్టిక్ సంచులు. వాటిలో తాతల నాటి పహాణీ నకలు, చిరిగిన పాసుపుస్తకం, మీసేవ రసీదు, ఎవరో రాసిచ్చిన అర్జీ. వరుస కదిలి బల్ల దగ్గరికి చేరితే అర్జీ మూలన ఒక ఎర్ర సిరా రాత పడుతుంది. “ఆర్డీఓ గారికి, తగు చర్య నిమిత్తం.” అక్కడి నుంచి ఆ కాగితం డివిజన్ కచేరీకి పోతుంది. డివిజన్ కచేరీ దానిపై మరో నెంబరు వేసి తహసీల్దారుకు పంపుతుంది. ఎవరి మీద ఫిర్యాదు వచ్చిందో, చివరికి ఆ కాగితం ఆ తహసీల్దారు బల్ల మీదికే చేరుతుంది. అర్జీదారు మళ్ళీ మండలానికి పోయి అడిగితే “పైకి నివేదిక పంపినాం” అన్న జవాబు వస్తుంది.

పాలమూరు జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. కొత్త సంగతల్లా, ఒకే జిల్లాగా ఉన్న నాడు ఒక్క చోట కనిపించిన ఈ వరుస 2016 తర్వాత నాలుగు చోట్ల, 2019 తర్వాత అయిదు చోట్ల కనిపించడమే. జిల్లాలు దగ్గరికి వచ్చినవి, కలెక్టర్లు దగ్గరికి వచ్చినారు. మరి కలెక్టరుకూ తహసీల్దారుకూ మధ్యనున్న రెవెన్యూ డివిజన్ కచేరీ సంగతి ఏమిటి? జిల్లా కేంద్రం కోసం బందులు జరిగినవి, రాస్తారోకోలు జరిగినవి, నిరాహార దీక్షలు జరిగినవి. డివిజన్ ఏం చేయాలి, ఏం చేస్తున్నది అని అడిగినవారు మాత్రం తక్కువ. పల్లె రైతు బాగోగులు ఎక్కువగా ముడిపడి ఉన్నది ఆ నడిమి కచేరీతోనే.

ఈ నడిమి మెట్టు నిన్న మొన్నటిది కాదు. నిజాం రాజ్యంలో 1865లో మొదటి సాలార్‌జంగ్ జిలాబందీ జరిపి రాజ్యాన్ని జిల్లాలుగా విభజించినాడు. జిల్లాకు అవ్వల్ తాలూకాదారు, ఆయన కింద విభాగాలకు దోయం, సోయం తాలూకాదారులు, వారి కింద తహసీళ్ళు. కొన్ని జిల్లాలను కలిపి పైన సుబా, దానికి సుబేదారు. మహబూబ్‌నగర్ జిల్లా మెదక్ గుల్షనాబాద్ సుబాలో ఉండేది. ఆ సుబాలు పోయినవి, తాలూకాదారుల పేర్లు పోయినవి. దోయం తాలూకాదారు కూర్చున్న కుర్చీయే పేరు మారి డిప్యూటీ కలెక్టరుగా, ఆర్డీఓగా నిలిచి ఉన్నది. అవతల కృష్ణకు దక్షిణాన దత్త మండలాలకు 1800లో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కూడా తన కింద నలుగురు సబార్డినేట్ కలెక్టర్లను పెట్టుకొనే పని నడిపినాడు. ఒక మనిషి జిల్లా అంతా చూడలేడన్న ఎరుక నిజాముకూ ఉన్నది, కంపెనీకీ ఉన్నది.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు రాయచూరు జిల్లా నుంచి గద్వాల, అలంపూరు తాలూకాలు, గుల్బర్గా జిల్లా నుంచి కొడంగల్ తాలూకా వచ్చి పాలమూరులో కలిసినవి. అంత పెద్ద జిల్లాను మహబూబ్‌నగర్, నారాయణపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అని అయిదు డివిజన్లుగా నడిపినారు. 18 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేల, 64 మండలాలు, 2011 జనాభా లెక్కల్లో 40 లక్షల 53 వేల జనం. శ్రీశైలం దారిలోని దోమలపెంట మనిషికి మహబూబ్‌నగర్ నూరు కిలోమీటర్లకు పైమాటే. ఒక అర్జీ ఇచ్చి రావడానికి రెండు రోజుల కూలి పోయేది. అందువల్ల జనం దృష్టిలో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల డివిజన్ కేంద్రాలే సగం జిల్లా కేంద్రాలుగా ఉండేవి.

1985 మే 25న తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. రాష్ట్రమంతటా సుమారు 1,100 మండలాలు. తాలూకా కచేరీకి ఎడ్లబండి కట్టుకొని పోయిన రైతుకు మండలం నడిచిపోయేంత దూరానికి వచ్చింది. ఆ మేలు మరచిపోరానిది. అయితే పాత తాలూకా తహసీల్దారుకున్న దర్జా, సిబ్బంది, రికార్డు గది కొత్త మండలానికి అంత సులభంగా రాలేదు. కచేరీ చిన్నదైన కొద్దీ స్థానిక ఒత్తిడికి లొంగే గుణం పెరుగుతుంది. సర్పంచు మాట, ఎంపీపీ మాట, పక్క గట్టు పెద్దరైతు మాట అక్కడ చెల్లినంతగా పది మైళ్ళ అవతలనున్న డివిజన్ కచేరీలో చెల్లవు. మండలం చిన్నదై దగ్గరైన కొద్దీ దాని మీద అప్పీలు వినే మెట్టు అవసరం పెరిగిందే గాని తరగలేదు. ఈ సంగతిని 1985లోనూ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, తర్వాతా పట్టించుకోలేదు.

2016 అక్టోబరు 11న తెలంగాణలో 21 కొత్త జిల్లాలు ఏర్పడినవి. నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఆ నాడే వచ్చినవి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వచ్చింది. పాత అయిదు డివిజన్ కేంద్రాలూ ఇప్పుడు అయిదు జిల్లా కేంద్రాలు. వాటిలో వనపర్తి, గద్వాల పాత సంస్థానాల రాజధానులు కూడా. డివిజన్ గీతలే, కొద్ది మార్పులతో, జిల్లా గీతలైనవని చెప్పవచ్చు. షాద్‌నగర్ వైపు కొన్ని మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపు కొన్ని వికారాబాద్‌కు పోయినవి.

చిక్కు ఇక్కడే మొదలైంది. నాగర్‌కర్నూలు జిల్లాకు అచ్చంపేట, కల్వకుర్తి డివిజన్లు కూడా ఇచ్చినారు. మిగతా వాటికి ఏర్పడిన నాడు దక్కినది ఒక్కొక్క డివిజనే. వనపర్తి జిల్లాకు వనపర్తి డివిజన్, గద్వాల జిల్లాకు గద్వాల డివిజన్, నారాయణపేట జిల్లాకు నారాయణపేట డివిజన్. జిల్లా ఎల్లలూ డివిజన్ ఎల్లలూ ఒకటే. కలెక్టరు ఉన్న ఊరిలోనే ఆర్డీఓ. జిల్లాకు ఒక్క డివిజన్ అంటే ఇంటికి రెండు గడపలు, రెండూ ఒకే వీధిలోకి. పైన కలెక్టరు, ఆయన పక్కన అదనపు కలెక్టర్లు, వారి కింద అదే జిల్లా మొత్తానికి ఆర్డీఓ. ఇట్లాంటి చోట డివిజన్ కచేరీ కలెక్టరు కచేరీకి ఒక సెక్షనుగా మారిపోవడంలో వింత లేదు. మంత్రుల పర్యటన ఏర్పాట్లు, ధాన్యం కొనుగోలు కేంద్రాల తనిఖీ, పరీక్షల బందోబస్తు, ఎన్నికల పని, వీడియో సమావేశం. వారంలో కచేరీ గదిలో కూర్చొని వాద ప్రతివాదులను పిలిచి వినే రోజులు ఎన్ని మిగులుతాయో ఆ కచేరీ గుమాస్తానే అడగాలి.

డివిజన్ అధికారికి చట్టం అప్పగించిన పనులు చూస్తే ఆ కుర్చీ ఎంత బరువైనదో తెలుస్తుంది. భూమి సంగతి అందరికీ తెలిసినదే. 1971 నాటి హక్కుల రికార్డు చట్టం కింద తహసీల్దారు చేసిన మార్పు మీద అప్పీలు పోవలసినది ఆర్డీఓ వద్దకే. ప్రాజెక్టు కాలువ పొలం మీదుగా పోతే నోటీసు వచ్చేదీ, ధర తేల్చేదీ ఎక్కువగా ఆ కచేరీ నుంచే. జూరాల కింద, కల్వకుర్తి కాలువల కింద, పాలమూరు–రంగారెడ్డి జలాశయాల కింద భూములు పోయిన ఊళ్ళకు ఆ కచేరీ గడప బాగా ఎరుకే. శ్రీశైలం ముంపులో ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్న కొల్లాపూర్, అలంపూరు వైపు ముసలివారు భూసేకరణ కచేరీల చుట్టూ తిరిగిన కథలు ఇప్పటికీ చెబుతారు.

అంతగా తెలియని పనులు కూడా ఉన్నవి. పాలమూరు కూలీలు బొంబాయికీ పుణేకూ వలసపోవడం దేశమంతా ఎరిగినదే. కొడుకులు పట్నంలో స్థిరపడిపోతారు. ఊరిలో తల్లిదండ్రులు రేషను బియ్యం, పింఛను మీద బతుకుతారు. కొందరు పొలం కొడుకు పేర రాసిచ్చి చేతులు దులుపుకొని కూర్చుంటారు, తర్వాత ముద్దకు కూడా చెయ్యి చాచవలసి వస్తుంది. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద వారి గోడు వినవలసిన ట్రిబ్యునలుకు అధ్యక్షుడు సబ్ డివిజన్ స్థాయికి తగ్గని అధికారి, అంటే ఆర్డీఓ. మనోవర్తి అర్జీని నోటీసు అందిన 90 రోజులలో తేల్చాలని చట్టంలోనే ఉన్నది. నెలకు 10 వేల రూపాయలకు మించకుండా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. సాకుతామన్న షరతు మీద రాయించుకున్న ఆస్తిని, సాకకపోతే వెనక్కి మళ్ళించవచ్చు. ఒక తెల్ల కాగితం మీద అర్జీ చాలు, వకీలును పెట్టుకోవలసిన పని లేదు. ఈ సంగతి ఎంతమంది ముసలివారికి తెలుసు? గ్రామ పంచాయతీ గోడ మీద పథకాల బొమ్మలు ఎన్నో ఉంటాయి. ఈ ఒక్క ముక్క రాసిన గోడ కనిపించడం అరుదు.

నల్లమల వైపు చూస్తే మరో పని కనిపిస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమి మీద హక్కు కోరే దరఖాస్తు మొదట గ్రామసభకు, అక్కడి నుంచి సబ్ డివిజన్ కమిటీకి, ఆ తర్వాత జిల్లా కమిటీకి పోవాలి. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజులలో సబ్ డివిజన్ కమిటీకే అర్జీ పెట్టుకోవాలి. దానికి అధ్యక్షుడు డివిజన్ అధికారి. అమ్రాబాద్ కొండల మీది చెంచు పెంటలకు, లింగాల, కొల్లాపూర్ వైపు పోడు చేసుకొనే తండాలకు కలెక్టరు దూరం, హైదరాబాదు మరీ దూరం. వారి హద్దు రాయి ఎక్కడ పాతాలో తేలేది ఆ కమిటీలో.  ఊరిలో రెండు వర్గాలు గట్టు కోసం కర్రలు ఎత్తితే సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుగా పిలిచి బైండోవరు చేసేదీ ఆయనే. 1974 ఏప్రిల్ నుంచి శిక్షలు వేసే కోర్టులు పూర్తిగా న్యాయశాఖకు పోయినా, తగాదా ముదరకముందే ఆపే అధికారం ఈ కుర్చీకి మిగిలింది. 2024 జూలై 1న వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలోనూ అది అట్లాగే ఉన్నది.

ఇన్ని పనులున్న మెట్టును తీసివేస్తే ఏమవుతుందో తెలంగాణ రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు, అనుభవించినాడు. 2020లో కొత్త పాసుపుస్తకాల చట్టం వచ్చి రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. తహసీల్దారు, ఆర్డీఓ, జాయింట్ కలెక్టరు వద్ద ఉన్న 16 వేల పైచిలుకు కేసులను ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు మార్చినారు. ఆ సంవత్సరమే వీఆర్ఓల వ్యవస్థ రద్దయినది. అక్టోబరు 29న ధరణి పోర్టల్ తెరిచినారు.

రద్దు చేసినవారి వాదంలో నిజం లేకపోలేదు. రెవెన్యూ కోర్టులలో వాయిదా మీద వాయిదా పడి తండ్రి వేసిన కేసు కొడుకు నడిపిన సందర్భాలు ఉన్నవి. ఒక అధికారి బదిలీ అయితే కొత్తాయన మళ్ళీ మొదటి నుంచి వినడం, చేతులు తడిపితే గాని ఫైలు కదలకపోవడం ఊరూరా విన్నవే. అమ్మకం, రిజిస్ట్రేషను, పట్టా మార్పిడి ఒకే రోజున ఒకే చోట జరిగిపోవడం ధరణిలోని మంచి. వివాదం లేని భూమికి అది నిజంగా సుఖమే.

వివాదం ఉన్న భూమి మాటే వేరు. సర్వే నెంబరులో ఒక అంకె తప్పు పడింది, విస్తీర్ణం అర ఎకరం తగ్గింది, బతికున్న మనిషి పేరు పోయి మరొకరి పేరు ఎక్కింది. ఇట్లాంటి తప్పును సరిచేయమని అడగడానికి మండలంలో అధికారం లేదు, డివిజన్‌లో అంతకంటే లేదు. దరఖాస్తు పోర్టల్‌లో పెట్టాలి, అది కలెక్టరు లాగిన్‌కు పోవాలి. కలెక్టరు ఒక్కరు, సంతకం కోసం చూసే రైతులు వేలల్లో. కలెక్టరు మళ్ళీ నివేదిక అడిగేది తహసీల్దారునే. పాత కేసుల ట్రిబ్యునళ్ళు ఇరుపక్షాలను పిలవకుండానే ఉత్తర్వులు ఇస్తున్నాయన్న ఫిర్యాదు హైకోర్టుకు పోయింది. వారిని విని తీర్పు చెప్పమని 2021లో హైకోర్టు చెప్పవలసి వచ్చింది. ఒక మనిషిని కూర్చోబెట్టి అతని కాగితాలు చూసి మాట వినడం అన్న చిన్న పనికి కూడా రాజధాని కోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చిందన్న మాట. సన్నకారు రైతులో ఆ మెట్లు ఎక్కగలిగేవాడు ఎందరు?

2024 ఫిబ్రవరి చివరలో ప్రభుత్వం ఆ అధికారాలను తహసీల్దారుకు, ఆర్డీఓకు, అదనపు కలెక్టరుకు పంచిపెట్టింది. అప్పటికి పేరుకుపోయిన ధరణి దరఖాస్తులు సుమారు 2.45 లక్షలు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. ప్రయోగంగా ముందు చేపట్టిన నాలుగు మండలాలలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. కొత్త చట్టంలో అప్పీలు అన్న మాట మళ్ళీ కనిపించింది. తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓకు, ఆర్డీఓ ఉత్తర్వు మీద కలెక్టరుకు. ఏళ్ళుగా నానుతున్న సాదా బైనామా దరఖాస్తుల విచారణ కూడా ఆర్డీఓ చేతికి వచ్చింది. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారుల పేరుతో ఊరికొక మనిషిని మళ్ళీ పెట్టడం మొదలైంది. అయిదేళ్ళ కింద తీసిన మెట్లే మళ్ళీ కట్టినారు. ఆ అయిదేళ్ళు తిరిగిన బస్సు ఛార్జీలు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వరు.

మెట్టు తీయడం, మళ్ళీ కట్టడం ఒక్క తెలంగాణకే పట్టిన పిచ్చి అనుకుంటే పొరపాటు. రాజస్థాన్‌లో రాష్ట్రానికీ జిల్లాలకూ మధ్య డివిజనల్ కమిషనర్ల పద్ధతి ఉండేది. దండగ అని 1962లో ఎత్తివేసినారు, 1987లో తిరిగి తెచ్చినారు. 2023లో మూడు కొత్త డివిజన్లు, పదిహేడు కొత్త జిల్లాలు పెట్టినారు. ప్రభుత్వం మారిన తర్వాత 2024 డిసెంబరులో ఆ మూడు డివిజన్లనూ తొమ్మిది జిల్లాలనూ రద్దు చేసినారు. భారతదేశం వలెనే రాష్ట్రాల కూటమి అయిన జర్మనీలోనూ ఈ తర్జనభర్జన ఉన్నది. అక్కడి బవేరియా రాష్ట్రం ఏడు నడిమి మండలాలను ఇప్పటికీ నడుపుతున్నది. లోయర్ శాక్సనీ అన్న రాష్ట్రం ఖర్చు తగ్గుతుందని 2004 చివర తన నడిమి మెట్టును పూర్తిగా తీసివేసింది. పదేళ్ళు తిరగకముందే ప్రాంతాల అభివృద్ధి చూసుకోవడానికి నలుగురు ప్రాంతీయ ప్రతినిధులను, నాలుగు కచేరీలను 2014లో మళ్ళీ పెట్టుకున్నది. అక్కడి నడిమి కచేరీల పనులు వేరు, ఇక్కడి పనులు వేరు. కానీ రాజధాని నుంచి చూసినవారికి నడిమి మెట్టు ఖర్చుగా కనిపించడం, తీసిన తర్వాత దాని పని గుర్తుకు రావడం రెండు చోట్లా ఒకటే.

రాజ్యాంగంలో కేంద్రం ఉన్నది, రాష్ట్రం ఉన్నది. 1993 ఏప్రిల్ నుంచి పంచాయతీలకూ చోటు వచ్చింది. రెవెన్యూ డివిజన్‌కు అట్లాంటి రక్షణ లేదు. అది రాష్ట్ర ప్రభుత్వపు చేతిలోని వస్తువు. ఒక గెజిటు ప్రకటనతో పుడుతుంది, మరో ప్రకటనతో పోతుంది. డివిజన్‌కు ఎన్నికైన సభ లేదు, అడిగే ప్రతినిధి లేడు. మండల పరిషత్తు సమావేశంలో తహసీల్దారును నిలదీయవచ్చు, జిల్లా పరిషత్తులో కలెక్టరు పేరు వినిపిస్తుంది. ఆర్డీఓ కచేరీ నెలకు ఎన్ని అప్పీళ్ళు తేల్చిందని అడిగే వేదిక ఎక్కడా లేదు. రాజకీయ నాయకునికి డివిజన్ తెస్తే శిలాఫలకం దొరుకుతుంది, డివిజన్‌ను సరిగ్గా నడిపిస్తే ఏ ఫలకమూ దొరకదు.

ఇప్పుడు అన్ని చోట్లా కొత్త డివిజన్ల కోరికలే. ఏ పట్టణం పేరు విన్నా అక్కడ ఒక సాధన సమితి ఉంటుంది. కోరడం తప్పు కాదు. అయితే 2027 జనగణన కోసం జిల్లాల, మండలాల ఎల్లలను 2025 డిసెంబరు 31 నాటికి స్థిరపరచమని కేంద్రం రాష్ట్రాలకు ముందే చెప్పింది. లెక్క ముగిసే వరకు గీతలు కదిలించే వీలు లేదు. గీతల మీది పోరాటానికి ఈ విరామం ఒక విధంగా మంచిదే. ఉన్న కచేరీలను నడిపించే పని మీద మనసు పెట్టడానికి వ్యవధి దొరికింది.

అందుకు పెద్ద ఖర్చు లేదు. జిల్లాకు ఒకే డివిజన్ ఉన్న చోట ఆ అధికారి ఎప్పుడూ కలెక్టరు నీడలోనే కూర్చోవలసిన పని లేదు. వారానికి ఒక నిర్ణీత దినం గద్వాల నుంచి అలంపూరుకు, వనపర్తి నుంచి ఆత్మకూరుకు, నారాయణపేట నుంచి మక్తల్‌కు పోయి విచారణలు జరపవచ్చు. తుంగభద్ర దాటి కర్నూలు బజారుకు పోయి వచ్చినంత సులువుగా అలంపూరు మనిషి గద్వాలకు పోలేడు. కృష్ణా స్టేషను దగ్గరి రైతుకు రాయచూరు ముంగిట ఉన్నది, నారాయణపేట దూరం. ఆ రైతుల కేసులు ఆ దగ్గరలోనే వినడం వల్ల ప్రభుత్వానికి పోయేది ఒక జీపు డీజిలు. పాత రోజులలో జమాబందీకి ఆ స్థాయి అధికారులు వచ్చి ఊరి లెక్కలు ఊరి ముందే తిరగేసినారు. అప్పుడు గుడారం కింద సాగిన పని ఇప్పుడు పక్కా భవనాలలో సాగకపోవడానికి కారణం లేదు.

ఆ దినం మరే సమావేశానికీ మళ్ళించరాదు. మంత్రి వచ్చినా సరే. ఈ ఒక్క మాట రాతపూర్వకంగా కలెక్టరు నుంచి వస్తే సగం పని అయినట్టే. సివిల్ కోర్టు మున్సిఫ్‌ను ధాన్యం కొనుగోలు తనిఖీకి పంపరు కదా. భూమి అప్పీలు వినే రోజున ఆర్డీఓ కూడా ఆ పాటి గౌరవానికి తగినవాడే.

వాయిదా పట్టిక కచేరీ గోడ మీద అంటించాలి. ఏ ఊరి కేసు, ఎన్నో వాయిదా, ఎందుకు వాయిదా అన్నది అందరికీ కనబడాలి. ఎవరి చేతులు తడుస్తున్నాయన్న అనుమానానికి ఇంతకంటే మంచి మందు లేదు. ఉత్తర్వు తెలుగులో, కారణాలతో ఉండాలి. “రికార్డు పరిశీలించి తిరస్కరించడమైనది” అన్న ఒక్క వాక్యం ఉత్తర్వు కాదు. ఏ రికార్డు, అందులో ఏమున్నది, రైతు చూపిన కాగితం ఎందుకు చెల్లదు అని రాస్తే కలెక్టరు వద్ద రెండో అప్పీలు వేయాలో వద్దో రైతు తనంత తానే తేల్చుకుంటాడు, వకీలుకు ఇచ్చే ఫీజు కూడా మిగులుతుంది.

ప్రజావాణిలో వచ్చిన అర్జీ సంగతీ మార్చవలసినదే. తహసీల్దారు మీద ఫిర్యాదును తహసీల్దారుకే పంపడం ఎక్కడి న్యాయం? అట్లాంటి కాగితం డివిజన్ దగ్గర ఆగాలి. అక్కడే నెంబరు పడాలి, అక్కడే ఇరువురినీ పిలవాలి. జవాబు డివిజన్ సంతకంతో నేరుగా అర్జీదారు ఇంటికి పోస్టులో పోవాలి. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు, ఎర్ర సిరాతో అర్జీ మూలన రాసే ఆ ఒక్క వాక్యం మారితే చాలు. “తగు చర్య నిమిత్తం” అని రాసే చోట “విచారించి నిర్ణయించుటకు” అని రాసి, పక్కన ఒక తేదీ వేయాలి.